సెయింట్ జాన్ దీవిలో సొంత వంటతో సెలవులు: సరుకులు ఎక్కడ కొనాలి, ఏ బీచ్‌కి వెళ్లాలి

అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు కరీబియన్ వెళ్దామనుకోగానే ముందు పాస్‌పోర్టు తీసి వీసా స్టాంపు తేదీ చూసుకుంటాయి. హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయిన వాళ్లకి దేశం దాటడమంటేనే టెన్షన్. అలాంటివాళ్లకి మిగిలే కరీబియన్ రెండు చోట్లే: ప్యూర్టో రికో, యూఎస్ వర్జిన్ ఐలాండ్స్. ఇమిగ్రేషన్ లెక్కలో రెండూ అమెరికాయే. కాబట్టి విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల్ని కూడా తీసుకెళ్లొచ్చు, ఒక్కసారే లోపలికి రానిచ్చే సింగిల్ ఎంట్రీ వీసా అయినా సరే.

ఈ రెండిటిలో ఏది? ఊరు, కోటలు, హోటల్ భోజనం, ఎల్ యుంకే వర్షారణ్యం కావాలంటే ప్యూర్టో రికో. అక్కడ కాస్ట్‌కో, వాల్‌మార్ట్ ఉన్నాయి కాబట్టి సరుకుల గురించి ఆలోచించే పనే లేదు. వర్జిన్ ఐలాండ్స్‌లో పెద్ద దీవులు మూడు. సెయింట్ థామస్‌లో విమానాశ్రయం, రిసార్టులు, క్రూయిజ్ ఓడల జనం ఉంటారు. సెయింట్ క్రాయ్ మూడిటిలోకి పెద్దది, నిదానమైనది, పాత డేనిష్ కట్టడాలు చూడాలనుకునేవాళ్లకి బాగుంటుంది. సెయింట్ జాన్ మూడిటిలోకి చిన్నది, సుమారు 20 చదరపు మైళ్లు. విమానాశ్రయం లేదు. దీవిలో సగానికి పైగా 1956లో ఏర్పడిన నేషనల్ పార్కే. బీచ్‌ల వెనక హోటళ్లు కనపడవు, కొండలే కనపడతాయి.

ఈత, నడక, సొంత వంట ఇష్టమైతే నా ఓటు సెయింట్ జాన్‌కే. కానీ ఇక్కడ విల్లా తీసుకున్నవాళ్లు చాలామంది రాత్రి భోజనాలకి సరుకులు కొంటారు, తీరా చూస్తే అవసరం పడేది మధ్యాహ్నం భోజనానికి. రాత్రికి, ఫెర్రీ దిగే క్రూజ్ బే ఊళ్లోకి వెళ్తే హోటళ్లు ఉన్నాయి. మధ్యాహ్నం ఒంటిగంటకి మీరుండేది పార్కు లోపల, చుట్టుపక్కల దుకాణం లేని బీచ్‌లో. అందుకే ఏ రోజు ఏ బీచ్ అన్నది ముందు అనుకుని, ఆ తర్వాత సరుకుల జాబితా రాసుకోండి.

సరుకులకి దారులు

మొదటిది, ఇంటి నుంచి పట్టుకెళ్లడం. అమెరికా ప్రధాన భూభాగం నుంచి వెళ్తున్నారు కాబట్టి తిండి సామాన్లకి పెద్దగా అడ్డు లేదు. సాధారణంగా చెక్-ఇన్ బ్యాగుకి పరిమితి 50 పౌండ్లు. అందులో కందిపప్పు, పోపు డబ్బా, కారం, పసుపు, ఇంగువ, సాంబారు పొడి, రవ్వ, అటుకులు, రెండు మూడు కిలోల సోనా మసూరి పట్టేస్తాయి. బియ్యం అక్కడా దొరుకుతాయి, పొడుగు గింజవి. పిల్లలకి అలవాటైన అన్నం కావాలంటేనే మోసుకెళ్లండి. కందులు కరీబియన్ అంతా తింటారు, డబ్బాల్లోనూ ఎండువీ అమ్ముతారు. కానీ అవి గుండు కందులు, మన పప్పు కాదు.

ఆవకాయని చేతి సంచిలో పెట్టకండి, సెక్యూరిటీలో ద్రవం కింద లెక్కేస్తారు. రెండు జిప్ సంచుల్లో కట్టి చెక్-ఇన్‌లో వేయండి. పచ్చి కరివేపాకు బదులు వేయించి పొడి చేసుకుని వెళ్లండి. నిమ్మజాతి చెట్లకి తెగులు మోసే పురుగు కరివేపాకు మీద బతుకుతుంది కాబట్టి కొన్ని రాష్ట్రాల నుంచి పచ్చి ఆకు బయటికి తేవడం మీద ఆంక్షలున్నాయి. రెబ్బ కోసం గొడవెందుకు? ఇంకో మంచి ఉపాయం: పులిహోర గుజ్జు ఇంట్లోనే చేసి గడ్డకట్టించండి. మసాలా పట్టించిన చికెన్, చపాతీలు కూడా అలాగే గడ్డకట్టించి మెత్తటి కూలర్ సంచిలో సర్దితే ఐసు ముక్కల పని అవే చేస్తాయి. ఆ కూలర్ సంచే తర్వాత రోజూ బీచ్‌కి వస్తుంది.

మూడు లీటర్ల కుక్కర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి. విల్లాల వంటింట్లో పాన్‌లు, కాఫీ మెషిన్, బ్లెండర్, బయట గ్రిల్ దాదాపు ఉంటాయి, ప్రెషర్ కుక్కర్ మాత్రం ఉండదు. కరెంటు అమెరికాలోలాగే 110 వోల్టులు, ప్లగ్గుల ఇబ్బంది లేదు.

రెండోది, సెయింట్ థామస్‌లో ఆగి కొనడం. విమానం దిగేది అక్కడే. విమానాశ్రయం నుంచి రెడ్ హుక్ రేవు దీవికి అటు చివర ఉంటుంది, ట్రాఫిక్‌ని బట్టి అరగంట నుంచి ముప్పావుగంట. అక్కడి నుంచి క్రూజ్ బేకి ఫెర్రీలో 20 నిమిషాలు. సెయింట్ థామస్‌లో కాస్ట్-యూ-లెస్ అనే పెద్ద గోడౌన్ దుకాణం ఉంది, సభ్యత్వ కార్డు అడగరు. ప్రైస్‌స్మార్ట్ కూడా ఉంది, దానికి వేరే సభ్యత్వం కావాలి. రెండిట్లోనూ సెయింట్ జాన్ కంటే చవక.

చవకే కానీ అందరికీ కలిసిరాదు. విమానాశ్రయం దగ్గర దొరికే టాక్సీలు చాలావరకు షేర్ వ్యాన్లు, మనిషికింత అని తీసుకుంటారు. మీ షాపింగ్ అయ్యేదాకా మిగతా ప్రయాణికులు కూర్చోరు కదా. విడిగా టాక్సీ మాట్లాడుకుంటే మిగిలిన డబ్బంతా దానికే పోతుంది. ఫెర్రీలో మనిషి టికెట్ కాక పెట్టెకింత అని కూడా వసూలు చేస్తారు. ఆ ఎండలో నీళ్ల కేసులు, పాల డబ్బాలు రేవు మీద మోయాలి. పైగా మీ విమానం మధ్యాహ్నం దిగితే, దుకాణంలో ఒక గంట, రేవులో ఇంకాసేపు పోయాక సెయింట్ జాన్ చేరేసరికి చీకటి పడుతుంది. అక్కడ రోడ్డుకి ఎడమ పక్కన నడపాలి, స్టీరింగ్ మాత్రం అమెరికా కార్లలో లాగే ఎడమవైపు ఉంటుంది. హెయిర్‌పిన్ మలుపులు, నిట్టనిలువు ఎత్తులు. కొత్తచోట మొదటి రాత్రే ఈ పరీక్ష వద్దు.

కాబట్టి సెయింట్ థామస్‌లో కారు అద్దెకి తీసుకుని, కార్లు మోసే బార్జ్ పడవ మీద సెయింట్ జాన్‌కి దాటించేవాళ్లయితేనే, అదీ రెండు కుటుంబాలు కలిసి వెళ్తుంటేనే, ఈ దారి. కారు బార్జ్ ఎక్కించనిస్తారో లేదో అద్దెకిచ్చేవాళ్లని ముందే అడగండి, కొందరు ఒప్పుకోరు.

మూడోది క్రూజ్ బేలోనే కొనడం. స్టార్‌ఫిష్ మార్కెట్, డాల్ఫిన్ మార్కెట్ అక్కడ తెలిసిన పేర్లు. స్టార్‌ఫిష్‌లో కూరగాయలు, జున్ను, మాంసం మంచి రకం దొరుకుతాయి. ధరలు చూసి గుండె కాస్త గట్టి చేసుకోవాలి. అన్నీ ఓడల మీద వచ్చేవే. పాలు, పెరుగు, ఆకుకూరలు మరీ ఎక్కువ. సరుకు దిగినప్పుడు అరలు నిండుగా ఉంటాయి, తర్వాత పలచబడతాయి. కొత్తిమీర కనబడిన రోజే కొనేయండి, రేపు చూద్దామనుకోవద్దు. వర్జిన్ ఐలాండ్స్‌లో సేల్స్ టాక్స్ లేదు కాబట్టి అర మీద రాసిన ధరే కట్టాలి, అదొక్కటే ఊరట. క్రూజాన్ రమ్ము సెయింట్ క్రాయ్‌లోనే తయారవుతుంది, ఆరెంజ్ జ్యూస్ పక్కన పెట్టి ధర పోల్చి నవ్వుకునేవాళ్లు ఎంతమందో.

నాలుగో దారి కూడా ఉంది: మీరు చేరేలోపు ఫ్రిజ్ నింపి పెట్టే సేవలు. డబ్బులిస్తే జాబితా ప్రకారం తెచ్చి సర్దుతారు. చిన్నపిల్లలతో సాయంత్రం దిగేవాళ్లకి మొదటి రోజు పాలు, గుడ్లు, నీళ్లు, బ్రెడ్డు వరకు ఇది హాయి. మన వంటకి మాత్రం నమ్ముకోవద్దు. పెరుగు అని రాస్తే వనిల్లా పెరుగు తెస్తారు. పచ్చిమిరపకాయలంటే కారమే లేని బెంగళూరు మిర్చి తెచ్చే ప్రమాదముంది.

నలుగురున్న కుటుంబానికి నా సలహా ఇదీ: పొడి సరుకులు ఇంటి నుంచి, బరువైనవీ పచ్చివీ క్రూజ్ బే నుంచి. ఒకేసారి బండి నింపకుండా రెండు విడతలుగా కొనండి. బీచ్ నుంచి తిరిగొచ్చే దారిలోనే ఊరు కాబట్టి ప్రత్యేకంగా వెళ్లే పని ఉండదు. విల్లా కోరల్ బేలో అయితే లెక్క మారుతుంది. అది దీవికి తూర్పు పక్క, క్రూజ్ బే నుంచి కొండ రోడ్డు మీద సుమారు అరగంట. అక్కడున్నవి చిన్న కొట్లు. అటు వెళ్లేముందే పెద్ద కొనుగోలు పూర్తిచేయండి. నాలాగా ఊళ్లో సాయంత్రం తిరగడం ఇష్టమైనవాళ్లు విల్లా క్రూజ్ బే వైపే తీసుకోవడం మంచిది. ప్రశాంతత కావాలనుకుంటే, సాల్ట్ పాండ్ బీచ్ దగ్గరుండాలనుకుంటే కోరల్ బే.

మధ్యాహ్నం డబ్బాలో ఏముండాలి

ట్రంక్ బే, సినమన్ బే, హనీమూన్, మాహో దగ్గర ఏదో ఒకటి తినడానికి దొరుకుతుంది. హాక్స్‌నెస్ట్, ఫ్రాన్సిస్, సాల్ట్ పాండ్, వాటర్‌లెమన్ దగ్గర మీరు తెచ్చుకున్నదే గతి. ఇక్కడ పులిహోరని మించింది లేదు. ఉదయం కలిపితే మధ్యాహ్నానికి ఊరి ఇంకా రుచిగా ఉంటుంది, ఎండకి చెడదు. పెరుగన్నం తీసుకెళ్లాలంటే మన ప్రయాణాల పద్ధతే: అన్నంలో పాలు ఎక్కువ పోసి, పెరుగు ఒక చెంచా వేసి కలిపితే తినే వేళకి తోడుకుంటుంది. అయినా కూలర్‌లోనే ఉంచండి, లేకపోతే పులిసిపోతుంది. చపాతీల్లో బంగాళాదుంప వేపుడు చుట్టిస్తే పిల్లలు తడి చేతులతోనే తినేస్తారు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు, ఒక ఫ్లాస్కులో ఉప్పు వేసిన మజ్జిగ.

డబ్బాలు మూతలు పెట్టి ఉంచండి. ముంగిసలు వచ్చి సంచులు వెతుకుతాయి. వీటి పూర్వీకులు మనవైపు నుంచి వచ్చినవే. చెరుకు తోటల్లో ఎలుకల బాధ పోతుందని 1872లో కలకత్తా నుంచి జమైకాకి తెచ్చారు, అక్కడి నుంచి మిగతా దీవులకి పాకాయి. ఎలుకలు తిరిగేది రాత్రి, ముంగిసలు వేటాడేది పగలు. దాంతో ఎలుకలు ఎలుకల్లాగే ఉన్నాయి, పక్షులకీ తాబేలు గుడ్లకీ ముప్పు వచ్చింది.

ఏ బీచ్ ఎవరికి

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే మాహో బే. నీళ్లు చాలాదూరం లోతు లేకుండా నిలకడగా ఉంటాయి. అడుగున సముద్రపు గడ్డి మేయడానికి తాబేళ్లు వస్తాయి. వాటిని ముట్టుకోవడం, వెంటపడటం తప్పు. దూరంగా తేలుతూ చూస్తే అవే ఊపిరి కోసం పైకి వస్తాయి. ఒకటే కష్టం, కార్లు ఆపే చోటు తక్కువ. తొమ్మిదిలోపు వెళ్లకపోతే చోటు దొరకదు.

స్నార్కెలింగ్, అంటే అద్దం, గొట్టం పెట్టుకుని తేలుతూ నీటి అడుగు చూడటం, మొదటిసారి చేసేవాళ్లకి ట్రంక్ బే. నీటి అడుగున పలకల మీద రాసి పెట్టిన దారి ఉంది, స్నానాల గదులు ఉన్నాయి. పెద్దలకి మనిషికి 5 డాలర్ల ప్రవేశ రుసుము. ఫోటోల్లో ఎక్కువగా కనిపించే బీచ్ ఇదే, అందుకే సెయింట్ థామస్‌లో ఆగిన క్రూయిజ్ ఓడల జనం కూడా ఇక్కడికే వస్తారు. ఉదయాన్నే వెళ్లండి, లేదా మూడు దాటాక. పగడాలు, చేపలు బాగా చూడాలంటే నిజానికి ఇది దీవిలో మొదటి వరుసలో రాదు. పేరు దాని అందానికి వచ్చింది.

ఈత బాగా వచ్చినవాళ్లు వాటర్‌లెమన్ కే (‘కే’ అంటే చిన్న దీవి) చూడాలి. లీన్‌స్టర్ బే ఒడ్డున ఇరవై నిమిషాల నడక, ఆ తర్వాత చిన్న దీవి చుట్టూ ఈదాలి. సముద్ర నక్షత్రాలు కనిపిస్తాయి. ప్రవాహం గట్టిగా ఉండొచ్చు కాబట్టి ఈత వచ్చినా తేలే జాకెట్ వేసుకోండి. కారు లేనివాళ్లకి ఇంకో అవకాశం: క్రూజ్ బేలో పార్కు సందర్శకుల కేంద్రం వెనక నుంచి లిండ్ పాయింట్ కాలిబాట పట్టుకుంటే మైలు దూరంలో సాలమన్, హనీమూన్ బీచ్‌లు వస్తాయి.

శీతాకాలంలో వెళ్లేవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఉత్తరం నుంచి పెద్ద అలలు వచ్చే రోజుల్లో మాహో తప్ప ఉత్తర తీరపు బీచ్‌లు చాలావరకు పిల్లలకి పనికిరావు. ఆ రోజు దక్షిణాన సాల్ట్ పాండ్ బేకి వెళ్లండి. అక్కడి నుంచి రామ్ హెడ్ కొసకి ఇంకో మైలు నడక, నీడ అసలు లేదు, ఉదయం ఏడింటికే మొదలుపెట్టాలి. ఎండాకాలంలో ఇది తిరగబడుతుంది: దక్షిణ, తూర్పు తీరాలకి సర్గాసమ్ నాచు కొట్టుకొస్తుంది, ఉత్తరమే శుభ్రంగా ఉంటుంది.

నడకా, పడవా?

నడకల్లో పెద్దది రీఫ్ బే దారి. రెండు మైళ్లకి పైగా దిగుడు, మొత్తం సుమారు 900 అడుగులు. మధ్యలో పక్కకి తిరిగితే టైనో ఆదివాసులు రాళ్ల మీద చెక్కిన బొమ్మలు, చివర పాడుబడిన చక్కెర మిల్లు. దిగడం హాయి, మధ్యాహ్నం ఎక్కడం నరకం. గైడుతో వెళ్లి పడవలో తిరిగొచ్చే ఏర్పాటు ఉన్న రోజు చూసుకుంటే అదే మేలు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలతో అయితే అన్నాబెర్గ్ శిథిలాలకి వెళ్లండి, చిన్న చుట్టు. గాలిమర గోపురం, చెరుకు రసం కాచిన పొయ్యిలు చూస్తూ ఎదురుగా టోర్టోలా దీవి చూడొచ్చు. ఈ చక్కెర బానిసల చెమటతో వచ్చింది. 1733లో ఇక్కడి బానిసలు తిరగబడి నెలల తరబడి దీవిలో చాలాభాగం తమ చేతుల్లో పెట్టుకున్నారు. అప్పట్లో దీవిని ఏలుతున్న డేన్లు (డెన్మార్క్ వాళ్లు) మార్టినిక్ దీవి నుంచి ఫ్రెంచి సైనికుల్ని రప్పించుకుంటే కానీ అణచలేకపోయారు. బానిసత్వం పోయింది 1848లో, ఈ దీవుల్ని డెన్మార్క్ అమెరికాకి 2.5 కోట్ల డాలర్లకి అమ్మింది 1917లో.

పడవ షికారు దగ్గర మాత్రం మన వీసా గొడవ మళ్లీ వస్తుంది. ఏజెంట్లు ఎక్కువగా చూపించేది బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్ ట్రిప్పు: వర్జిన్ గోర్డాలో ది బాత్స్ బండరాళ్లు, జోస్ట్ వాన్ డైక్. కంటికెదురుగా కనిపించినా అది వేరే దేశం. అటు అడుగుపెట్టి వస్తే మళ్లీ అమెరికాలోకి ప్రవేశించినట్టే. కెనడా, మెక్సికోలకి కొద్దిరోజులు వెళ్లొచ్చే హెచ్‌1బి వాళ్లకి గడువు తీరిన స్టాంపుతో తిరిగి రానిచ్చే వెసులుబాటు ఉంది కదా, అది ఈ దీవులకి వర్తించదు. స్టాంపు చెల్లుబాటులో లేకపోతే ఈ ట్రిప్పు జోలికే వెళ్లొద్దు. సింగిల్ ఎంట్రీ మీద వచ్చిన పెద్దవాళ్లూ అంతే. సెయింట్ జాన్ చుట్టూ అమెరికా నీళ్లలోనే తిప్పే పడవలున్నాయి, రోడ్డు మీద చేరలేని బీచ్‌లు చూపిస్తారు. నన్నడిగితే స్టాంపు ఉన్నా ఇదే బాగుంటుంది, కస్టమ్స్ వరసల్లో సగం రోజు పోదు.

బయట తినేవాళ్లకి

అక్కడి వంటల్లో ఫంగి అనేది మొక్కజొన్న పిండిలో బెండకాయ వేసి గట్టిగా కెలికేది, మన సంకటికి చుట్టం. చేపల పులుసుతో తింటారు. పాటే అంటే కూర పెట్టి వేయించిన పిండివంట. శాకాహారులు ఒకటికి రెండుసార్లు అడగాలి: కలలూ ఆకుకూరలా కనిపిస్తుంది కానీ అందులో మాంసమో పీతలో ఉంటాయి, బీన్స్‌లో పంది మాంసం పడే అవకాశముంది.

చేప కొని పులుసు పెట్టుకునేవాళ్లు మాహి, ట్యూనా లాంటివి తీసుకోండి. బారకూడా, పగడాల దగ్గర తిరిగే పెద్ద చేపలు వద్దు. సిగ్వాటెరా అనే విషం వాటిలో చేరుతుంది. ఎంత ఉడికించినా పోదు, రుచిలో తెలియదు.

ఇల్లు, ఒళ్లు

విల్లాల్లో నీళ్లు పైకప్పు మీద పడిన వాన నీళ్లే, కింద తొట్టిలో నిలవ చేస్తారు. అంట్లు తోమేటప్పుడు కుళాయి వదిలేయకండి. కరెంటు ఖరీదు ఎక్కువ, ఏసీకి విడిగా డబ్బులు తీసుకుంటారేమో బుక్ చేసేముందే చదవండి. సన్‌స్క్రీన్ ఇంటి నుంచి తెచ్చేటప్పుడు సీసా వెనక చూడండి: ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవి పగడాలకి చేటని 2020 నుంచి నిషేధం. జింక్ ఆక్సైడ్ రకం కొనండి. బీచ్‌ల ఒడ్డున మాంచినీల్ అనే చెట్టుంటుంది, చిన్న పచ్చటి ఆపిల్ లాంటి కాయలు. కాయ విషం, చెట్టు పాలు తగిలితే ఒళ్లు బొబ్బలెక్కుతుంది. వానొస్తే దాని కింద నిలబడకూడదు. ఇది పిల్లలకి మొదటి రోజే చూపించి చెప్పండి. సాయంత్రం కంటికి కనపడని ఇసుక దోమలు కాళ్లు కొరుకుతాయి, వెలుగుండగానే సామాను సర్దుకోండి.

తిరుగు ప్రయాణంలో సెయింట్ థామస్ విమానాశ్రయంలో విమానం ఎక్కకముందే కస్టమ్స్, ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. దేశం దాటకపోయినా అడుగుతారు. అసలు పాస్‌పోర్టులు, ఐ-797 (వీసా ఆమోద పత్రం), ఐ-94 (అమెరికాలో ప్రవేశించిన రికార్డు) కాపీలు, గ్రీన్‌కార్డులు చేతి సంచిలో ఉంచుకోండి. మిగిలిన పళ్లు, కూరగాయలు చాలావరకు లోపలికి రానివ్వరు, మామిడిపళ్లయితే ఆశ వదులుకోవడమే. అందుకని ఆఖరి రెండు రోజులు కొనడం ఆపి ఫ్రిజ్‌లో ఉన్నవే వండేయండి. విప్పని నూనె, ఉప్పు, బియ్యం అల్మరాలో వదిలేస్తే తర్వాత వచ్చేవాళ్లు వాడుకుంటారు. విమానం టైముకి మూడు గంటల ముందు విమానాశ్రయంలో ఉండేలా ఫెర్రీ చూసుకోండి.